గుంటూరు–కృష్ణా జిల్లాల్లో పేస్‌మేకర్ల వాడకం పెరిగిందా, లెక్కే పెరిగిందా?

పల్నాడు_పీజీ

అందరికీ నమస్కారం. పాత గుంటూరు, పాత కృష్ణా జిల్లాల్లో పదేళ్లుగా శాశ్వత పేస్‌మేకర్ల (నాడి నెమ్మదించినప్పుడు గుండెని కొట్టించే, చర్మం కింద పెట్టే పరికరాల) వాడకం ఎలా మారిందన్నది నా థీసిస్ అంశం. క్యాథ్‌ల్యాబ్ (గుండెలోకి వైర్లు పంపి పనిచేసే గది) రిజిస్టర్లు ముందేసుకుని ఏడాదివారీ గీత గీస్తే పైకే పోతోంది. దీన్నే "వాడకం పెరిగింది" అని రాసేయొచ్చా? బయటి దేశాలతో పోల్చడానికి ఏ రేటు తీసుకోవాలి? ఇంకో మాట, సింగిల్ చాంబర్ (గుండె ఒక గదిలోనే వైరు) తగ్గి డ్యూయల్ (పై గదిలో, కింది గదిలో రెండు వైర్లు) పెరిగిందని అందరూ అంటారు. దాన్ని రిజిస్టర్‌లోంచి ఎలా బయటికి తీయాలి?

లెక్కల_మాస్టారు

రాసేయొద్దండీ. మీరు గీసింది ఆసుపత్రి పనిభారం గీత. జనాభాలో వాడకం అనాలంటే లవం కింద హారం ఉండాలి, మీకు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2011 జనగణనలో గుంటూరు జిల్లా 48.88 లక్షలు, కృష్ణా 45.17 లక్షలు. రెండూ కలిపి 94 లక్షల పైచిలుకు. ఆ తర్వాత జనగణనే జరగలేదు, కాబట్టి మధ్య సంవత్సరాలకు అంచనాలే దిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల వచ్చాయి. కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకి వెళ్లాయి. బాపట్లలోకి పాత ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు వైపు వచ్చి చేరాయి. రిజిస్టర్‌లో 2021 దాకా "గుంటూరు" అని, 2023లో "బాపట్ల" అని ఉన్న ఇద్దరూ ఒకే ఊరి మనుషులు కావచ్చు. "బాపట్ల" అని ఉన్న మూడోవాడిది అసలు మీ హద్దుల్లోకే రాని ఊరు కావచ్చు.

జిల్లా పేరు వదిలేసి మండలం పేరు పట్టుకోండి. 2011 నాటి మండలాల జాబితా ఒకటి పక్కన పెట్టుకుని, ప్రతి రోగినీ మండలానికి, మండలాన్ని పాత జిల్లాకి కట్టండి. విసుగు పుట్టించే పనే. అయినా దీన్ని తప్పించుకునే దారి లేదు.

సూర్యారావుపేట_ఈపీ

మాస్టారు హారం చూశారు, నేను లవం చూస్తాను. క్యాథ్‌ల్యాబ్ రిజిస్టర్‌లో "పేస్‌మేకర్" అన్న ఒక్క మాట కింద నాలుగైదు రకాల పనులు కలిసిపోయి ఉంటాయి.

మొదటిది టెంపరరీ. మెడలోంచో తొడలోంచో వైరు పంపి, బయట పెట్టెకి కలిపి, నాలుగు రోజులయ్యాక తీసేసేది. కొన్ని చోట్ల "టీపీఐ" అని విడిగా రాస్తారు. కొన్ని చోట్ల "పేసింగ్" అని రాసి ఊరుకుంటారు. మన ప్రాంతంలో ఇది చిన్న సంఖ్య అనుకోవద్దు. పచ్చగన్నేరు గింజలు నూరుకుని తాగినవాళ్లకు డిజాక్సిన్‌లాంటి విషంతో బ్లాక్ (పై గది నుంచి కింది గదికి సంకేతం ఆగిపోవడం) వస్తుంది. విషం దిగేదాకా టెంపరరీ మీద నిలబెట్టి, లయ తిరిగి వచ్చాక తీసేస్తాం. గుండె కింది గోడకి ఎటాక్ వచ్చినప్పుడు కట్టే బ్లాక్ కూడా చాలామందిలో వారంలోపు దానంతటదే సర్దుకుంటుంది. వీటిని శాశ్వత పేస్‌మేకర్ల ఖాతాలో వేస్తే గీత దొంగగీతే.

రెండోది జెనరేటర్ (బ్యాటరీ ఉన్న డబ్బా) మార్పిడి. పాత పాకెట్ (చర్మం కింద డబ్బా ఉండే సంచి) తెరిచి, డబ్బా విప్పి, లీడ్లు (గుండెలోకి వెళ్లే వైర్లు) పరీక్షించి, కొత్త డబ్బా బిగించి మూసేస్తాం. ఇది కొత్త రోగి కాదు. 2009 ప్రపంచ సర్వేలో 61 దేశాల లెక్క చూడండి: మొత్తం 10,02,664 పేస్‌మేకర్లలో 7,37,840 కొత్తవి, 2,64,824 మార్పిళ్లు. అంటే నాలుగింట ఒకటి మార్పిడే. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు వేసిన మొదటి విడత పరికరాల బ్యాటరీ ఎనిమిది నుంచి పన్నెండేళ్లు నడిచిందనుకోండి, అవన్నీ మీ అధ్యయన కాలంలోనే మార్పిడికి వచ్చి పడతాయి. ఆ ఉబ్బు 2007 తర్వాతి కొత్త కేసుల నీడ. ఇప్పటి వాడకానికి దానితో సంబంధం లేదు.

మూడోది లీడ్ జారి మళ్లీ సర్దడం. నాలుగోది సింగిల్‌ని డ్యూయల్‌కో, సీఆర్‌టీకో (రెండు కింది గదులనీ కలిపి కొట్టించేది) మార్చడం. ఐదోది ఐసీడీ. ఇది వేగం తగ్గినందుకు కాదు, ప్రాణం తీసే వేగాన్ని షాకుతో ఆపడానికి. డబ్బా చూడ్డానికి ఒకేలా ఉంటుంది కాబట్టి ఇవన్నీ ఒకే పుస్తకంలో పడతాయి.

వైద్యమిత్ర_తెనాలి

పథకం వైపు నుంచి ఒక మాట సార్. ఆరోగ్యశ్రీ ట్రస్టు ప్యాకేజీల్లో టెంపరరీకి వేరు, పర్మనెంట్‌కి వేరు ఉంటాయి. కాబట్టి క్లెయిముల నుంచి తీస్తే మొదటి చిక్కు తీరుతుంది. కార్డు మీద ఊరు, మండలం కూడా దొరుకుతాయి. అయితే రెండు జాగ్రత్తలు.

ఒకటి, కార్డులో ఉన్న ఊరు పుట్టిల్లో మెట్టినిల్లో చెప్పలేం. పెద్దవయసు వాళ్లు విజయవాడలో కొడుకు దగ్గర ఉంటూ కార్డు మాత్రం వినుకొండలోనే ఉంచుకుంటారు. రెండు, పథకంలోకి రానివాళ్లు చాలామంది ఉన్నారు. ఈహెచ్‌ఎస్ కింద ఉద్యోగులు, పెన్షనర్లు అదే ట్రస్టు కింద వస్తారు కానీ ఫైలు వేరు. రైల్వేవాళ్లు, ఈఎస్‌ఐ, మాజీ సైనికులు, ప్రైవేటు ఇన్సూరెన్స్, చేతి డబ్బు పెట్టుకునేవాళ్లు ఎవరూ ఆ క్లెయిముల్లో కనబడరు. వీళ్లలోనే డ్యూయల్ చాంబర్ ఎక్కువ పడే అవకాశం. పథకం లెక్క ఒక్కటే చూసి "ఈ ప్రాంతంలో అంతా సింగిలే" అని రాస్తే తప్పు.

లెక్కల_మాస్టారు

మంచి మాట. ఎదురు వైపూ చూడాలి. ఖమ్మం, సూర్యాపేట, ఏలూరు, ఒంగోలు వైపు నుంచి విజయవాడకి వస్తారు. ఇక్కడివాళ్లు కొందరు హైదరాబాద్ వెళ్లి వేయించుకుంటారు. వచ్చినవాళ్లని మండలం చూసి తీసేయొచ్చు. వెళ్లినవాళ్లు మాత్రం మీ చేతికి చిక్కరు. అందుకే థీసిస్‌లో "కనీసం ఇంత" అని రాయండి, "ఇంత" అని రాయొద్దు.

పల్నాడు_పీజీ

అర్థమైంది సార్. పోలికకి రెండు సంఖ్యలు దొరికాయి. అమెరికా మిన్నెసోటాలోని ఒల్మ్‌స్టెడ్ కౌంటీలో 1975–79 మధ్య 36.6 ఉన్న రేటు 2000–04 నాటికి 99కి చేరిందట. జర్మనీలో 2009లో 927. అంటే జర్మనీలో దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ వేస్తున్నారనే కదా?

లెక్కల_మాస్టారు

ఆగండాగండి. ఒల్మ్‌స్టెడ్ సంఖ్య లక్ష మందికి, జర్మనీ సంఖ్య పది లక్షల మందికి. 99ని పదితో గుణిస్తే 990. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ విభాగంలో రేట్లు పది లక్షలకి చెప్పడం సర్వేలవాళ్ల అలవాటు, లక్షకి చెప్పడం జనాభా అధ్యయనాలవాళ్ల అలవాటు. పట్టిక పైన ప్రమాణం చూడకుండా అంకె ఎత్తుకోవద్దు.

జర్మనీ రేటుని మన 94 లక్షల మందికి వేస్తే ఏడాదికి 8,700 కొత్త పేస్‌మేకర్లు వేయాలి. అంత వెయ్యడం లేదని క్యాథ్‌ల్యాబ్ బయట కూర్చున్నవాడికీ తెలుసు. అలాగని ఆ తేడా మొత్తం మన వెనకబాటే అనుకోవద్దు. పేస్‌మేకర్ ముసలితనపు పరికరం. జర్మనీలో ముసలివాళ్ల వాటా వేరు, మన వాటా వేరు.

మన లోపలి పోలికకీ ఇదే సూత్రం. ఊహా సంఖ్యలతో చూపిస్తాను, వీటిని మాత్రం ఎక్కడా ఉటంకించకండి. 60 లోపు వాళ్లలో లక్షకి 2, 60 దాటినవాళ్లలో లక్షకి 60 పేస్‌మేకర్లు పడుతున్నాయనుకోండి. జనాభాలో పెద్దవాళ్లు 10 శాతం ఉంటే మొత్తం రేటు 0.9×2 + 0.1×60 = 7.8. పెద్దవాళ్లు 12.4 శాతానికి పెరిగారు, డాక్టర్లు మాత్రం ఒక్క కేసు కూడా అదనంగా గుర్తించలేదు. అప్పుడు 0.876×2 + 0.124×60 = 9.2. ఎవరూ ఏమీ మార్చకుండానే రేటు 18 శాతం పెరిగింది! 12.4 నేను ఊరికే వేసింది కాదు, 2021కి ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవాళ్ల అంచనా వాటా అది. కేరళ, తమిళనాడు తర్వాత దేశంలో వయసు మళ్లిన రాష్ట్రాల వరసలో మనమూ ఉన్నాం.

అందుకని 40 లోపు, 40–59, 60–69, 70–79, 80 పైన అని వయసు వర్గాలు చేసి, ప్రతి వర్గానికీ రేటు విడిగా తీయండి. తర్వాత ఒకే ప్రామాణిక జనాభాకి సర్దండి. సర్దాక కూడా గీత పైకి పోతే అప్పుడు "పెరిగింది" అనండి.

కొత్తపేట_టెక్

సింగిల్, డ్యూయల్ సంగతి నేను చెబుతా. రిజిస్టర్‌లో రాసిన మాట నమ్మొద్దు, స్టిక్కర్ చూడండి. జెనరేటర్ పెట్టెలో, లీడ్ పెట్టెలో మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్‌షీట్‌లో, ఒకటి రోగి కార్డు మీద, ఒకటి బిల్లుకి పోతుంది. ఒకే లీడ్ స్టిక్కర్ ఉంటే సింగిల్. రెండుంటే డ్యూయల్. మూడుంటే చాలావరకు సీఆర్‌టీ. ఈ లెక్క తప్పదు. ప్రోగ్రామ్ చేసిన మోడ్ తప్పుదోవ పట్టిస్తుంది. డ్యూయల్ డబ్బా వేసి, తర్వాత ఏఎఫ్ (పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకోవడం) స్థిరపడిపోతే వీవీఐఆర్‌కి మార్చేస్తాం. అప్పుడు ప్రింటవుట్‌లో "వీవీఐఆర్" అని వస్తుంది, లోపల లీడ్లు మాత్రం రెండు.

మోడ్ అక్షరాలు తెలియని పీజీల కోసం: మొదటి అక్షరం ఏ గదిని కొడుతుంది, రెండోది ఏ గదిని వింటుంది, మూడోది విన్నాక ఏం చేస్తుంది, నాలుగో స్థానంలో ఆర్ ఉంటే నడకకి తగ్గట్టు వేగం మార్చుకుంటుంది. వీవీఐ అంటే కింది గదిని కొట్టి, కింది గదినే విని, సొంత కొట్టుకోలు వినిపిస్తే ఊరుకుంటుంది.

అమెరికా లెక్క కావాలంటే 1993–2009 మధ్య అక్కడ 29 లక్షల పేస్‌మేకర్లు వేశారు. డ్యూయల్ 62 నుంచి 82 శాతానికి పెరిగింది, సింగిల్ వెంట్రికల్‌ది (కింది గది ఒక్కదానికే వేసేది) 36 నుంచి 14కి దిగింది. 2009 ప్రపంచ సర్వే కూడా అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వీవీఐ వాటా ఇంకా పెద్దదే అని రాసింది.

బ్రాడీపేట_ఫిజీషియన్

అమెరికాలో 82 శాతం కాబట్టి మనమూ 82కి పోవాలనడం నాకు నచ్చదు. 2005లో బ్రిటన్‌వాళ్ల యూకేపేస్ ట్రయల్ చూడండి. 70 దాటి, పెద్ద బ్లాక్ ఉన్న 2,021 మందిని తీసుకున్నారు. సింగిల్ వేసినా డ్యూయల్ వేసినా మరణాల్లో తేడా రాలేదు. ఎనభై దాటి, ఇంట్లో నాలుగడుగులు వేసే పెద్దాయనకి సింగిల్ చాలు. లీడ్ ఒక్కటైతే జారే చోటూ ఒక్కటే, ఆపరేషన్ టైమూ తక్కువ.

సూర్యారావుపేట_ఈపీ

డాక్టర్ గారూ, ఆ వయసుకి, ఆ బ్లాక్‌కి మీ మాట ఒప్పుకుంటాను. శాశ్వత ఏఎఫ్‌లో అయితే పై గదిలో లీడ్ పెట్టి లాభమే లేదు, అక్కడ సింగిల్ వేయడమే సరైన వైద్యం. కానీ సైనస్ నోడ్ (గుండెలో లయ పుట్టే చోటు) జబ్బుకి ఇదే తర్కం పనికిరాదు. 2002 నాటి మోస్ట్ ట్రయల్‌లో మరణాలు, పక్షవాతం తగ్గలేదు గానీ డ్యూయల్ వేసినవాళ్లలో ఏఎఫ్ తగ్గింది. వీవీఐ వేసినవాళ్లలో కొందరికి పేస్‌మేకర్ సిండ్రోమ్ వస్తుంది. కింది గది కొట్టినప్పుడు పై గది మూసిన కవాటానికి ఎదురుగా ముడుచుకుంటుంది. మెడలో నరాలు తన్నుతాయి, ఆయాసం, బీపీ పడిపోవడం. "మిషన్ పెట్టాక ఇంకా నీరసమే" అని వచ్చేవాళ్లలో దీన్ని వెతకాలి.

కాబట్టి పీజీ గారూ, మోడ్‌ని జబ్బుతో కలపకుండా పట్టిక వేయకండి. పూర్తి బ్లాక్, మోబిట్జ్ రెండో రకం (సంకేతం అప్పుడప్పుడు తెగే బ్లాక్), సైనస్ నోడ్ జబ్బు, స్లో ఏఎఫ్ అని నాలుగు వరసలు. పక్కన సింగిల్, డ్యూయల్. స్లో ఏఎఫ్ వరసలో సింగిల్ నూటికి నూరున్నా అది లోపం కాదు. సైనస్ నోడ్ వరసలో సింగిల్ ఎక్కువుంటే అప్పుడు ప్రశ్న వేయండి.

ఇప్పుడు ఈ సింగిల్–డ్యూయల్ గొడవే పాతబడుతోంది. అసలు ప్రశ్న కింది లీడ్ ఎక్కడ పెట్టారన్నది. కుడి వెంట్రికల్ కొసన పెట్టి ఎక్కువ శాతం పేస్ చేస్తే కొందరిలో ఎడమ వెంట్రికల్ బలహీనపడుతుంది. అందుకే 2023 మార్గదర్శకాల్లో పేసింగ్ శాతం 20–40 లేదా అంతకు మించి పడుతుందనిపించి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో కొట్టుకి బయటికి నెట్టే రక్తం శాతం) 36–50 మధ్య ఉన్నవాళ్లకి సహజ మార్గంలో పేస్ చేయడం సబబు అన్నారు. సహజ మార్గం అంటే గుండె సొంత విద్యుత్ తీగల మీద. అది 2000లో హిస్ కట్ట మీద మొదలై, 2017లో చైనావాళ్ల పద్ధతితో ఎడమ కట్ట (ఆ తీగల ఎడమ కొమ్మ) దగ్గరికి వచ్చింది. బిల్లులో ఇది కూడా "డ్యూయల్ చాంబర్" అనే పడుతుంది. పదేళ్ల పట్టికలో ఈ మార్పు మీకు అసలు కనబడదు.

పల్నాడు_పీజీ

మరి ఎలా పట్టుకోవాలి సార్? ఆపరేషన్ నోట్స్‌లో చాలాసార్లు "లీడ్ ప్లేస్డ్, పారామీటర్స్ గుడ్" అని ఒక్క లైనే ఉంటోంది.

సూర్యారావుపేట_ఈపీ

ఈసీజీ తీయండి. నోట్స్ దాచినా ఈసీజీ దాచదు. కుడి వెంట్రికల్ కొసన ఉంటే వీ1లో (ఛాతీ మీది మొదటి ఈసీజీ గీత) ఎడమ కట్ట బ్లాక్ రూపం, క్యూఆర్‌ఎస్ (కింది గది కొట్టుకోలు గుర్తు) వెడల్పు. ఎడమ కట్ట ప్రాంతంలో ఉంటే వీ1లో చివర ఆర్ తరంగం లేస్తుంది, క్యూఆర్‌ఎస్ సన్నగా ఉంటుంది.

పద్ధతి తెలియాలంటే క్లుప్తంగా: వంపు తిరిగిన షీత్ లోంచి 4.1 ఫ్రెంచ్ సన్న లీడ్‌ని హిస్ చోటుకి సెంటీమీటరున్నర కిందకి, అపెక్స్ వైపు పట్టి, మధ్యగోడకి నిటారుగా నిలబెట్టి స్క్రూలా తిప్పాలి. తిప్పుతుంటే వీ1లో డబ్ల్యూ ఆకారపు గాటు మెల్లగా వెనక్కి జరిగి చివర ఆర్‌గా మారుతుంది. యూనిపోలార్ ఇంపీడెన్స్ (లీడ్ చూపే విద్యుత్ నిరోధం) మొదట పెరిగి, తర్వాత తగ్గడం మొదలెడుతుంది. అక్కడ చేతులు ఆగాలి. 450 ఓమ్‌ల కిందికి జారినా, ఒక్కసారిగా 200 పడిపోయినా లీడ్ గోడ దాటి ఎడమ గదిలోకి పోయిందని అనుమానించాలి. వెనక్కి లాగి, చోటు మార్చి మళ్లీ మొదలెట్టాలి. అదే రంధ్రంలో సర్దుబాటు చేయకూడదు. వీ6లో ఆర్ శిఖరానికి పట్టే సమయం 75–80 మిల్లీసెకన్ల లోపుంటే కట్ట పట్టినట్టే.

కొత్తపేట_టెక్

మామూలు లీడ్‌కి టేబుల్ మీద చూసేవి కూడా రాసేస్తా, కేస్‌షీట్‌లో ఈ నాలుగూ ఉంటే నోట్స్ నాణ్యత తెలుస్తుంది. కింది గది త్రెషోల్డ్ (గుండెని కొట్టించడానికి చాలే కనీస వోల్టేజి) 1 వోల్టు లోపు, 0.4 మిల్లీసెకన్ల దగ్గర. ఆర్ తరంగం 5 మిల్లీవోల్టుల పైన. పై గదిలో పీ తరంగం కనీసం 1.5–2. ఇంపీడెన్స్ 300–1,500 ఓమ్‌ల మధ్య. ఆఖర్న 10 వోల్టులు ఇచ్చి డయాఫ్రమ్ ఎగురుతోందేమో చెయ్యిపెట్టి చూడాలి. కొత్త స్క్రూ లీడ్ బిగించిన వెంటనే త్రెషోల్డ్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి. తొందరపడి పీకేసి చోటు మార్చేవాళ్లు ఉంటారు, అనవసరంగా కండకి గాయం.

బ్రాడీపేట_ఫిజీషియన్

మీరంతా వేసిన పేస్‌మేకర్ల గురించే మాట్లాడుతున్నారు. వేయాల్సి ఉండీ వేయనివాళ్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నారు?

కళ్లు తిరిగి పడ్డ పెద్దాయనకి ముందు సెలైన్ కడతారు. తర్వాత మెడనరాలంటారు, చెవంటారు. ఒంట్లో కొంచెం కుదుపు వచ్చిందంటే ఫిట్స్ మాత్రలు రాస్తారు. మెదడుకి రక్తం అందక వచ్చే కుదుపుని ఫిట్స్ అనుకుంటే ఆ మనిషి ఏళ్ల తరబడి మాత్రలు మింగుతూ పడుతూనే ఉంటాడు. ఒక్క ఈసీజీలో కుడి కట్ట బ్లాక్‌తో పాటు ఎడమవైపు యాక్సిస్ తిరిగి ఉంటే, స్పృహ తప్పిన చరిత్ర కూడా ఉంటే, ఆ మనిషిని అలా వదలకూడదు. 24 గంటల హోల్టర్‌లో (ఒంటికి కట్టి ఉంచే ఈసీజీ) ఏమీ దొరకలేదంటే జబ్బు లేదని కాదు. నెలకోసారి పడేవాడికి ఆ ఒక్క రోజు పడాలని ఎక్కడుంది?

అటు తిప్పి చూస్తే, వేయక్కర్లేనివాళ్లకి వేయడమూ ఉంది. నాడి 38 అని రాగానే క్యాథ్‌ల్యాబ్‌కి పంపే ముందు మాత్రల కవరు కింద గుమ్మరించండి. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిజాక్సిన్, వీటిలో రెండు కలిసి ఉంటే ముందు ఆపి చూడాలి. గ్లాకోమా చుక్కల మందులో టిమొలాల్ ఉంటుంది, దాన్నెవరూ మందుగా చెప్పరు, "కంట్లో వేసుకునేది" అని వదిలేస్తారు. థైరాయిడ్ చూడండి. ముఖ్యంగా పొటాషియం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి స్పిరోనొలాక్టోన్, బీటా బ్లాకర్ కలిస్తే పొటాషియం పెరిగి నాడి ముప్పైలకి పడిపోతుంది. ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు తండాల వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో అందరికీ తెలుసు. అటు నుంచి నెమ్మది నాడితో వచ్చినవాడికి పొటాషియం రిపోర్టు రాకముందే శాశ్వత పేస్‌మేకర్ నిర్ణయం తీసుకోకూడదు.

యాభై దాటకుండా పూర్తి బ్లాక్ వస్తే "వయసు వల్ల" అనలేం. సార్కాయిడోసిస్, టీబీ వెతకాలి. అది తేలితే పేస్‌మేకర్ బదులు ఐసీడీ అవసరం పడొచ్చు.

పల్నాడు_పీజీ

అంటే "పొటాషియం విలువ ఉందా, లేదా" అన్నది కూడా ఒక గడి పెట్టుకుంటాను. మార్పిళ్ల సంగతి ఇంకొంచెం చెబుతారా? బ్యాటరీ ఎందుకు ఒకరికి ఆరేళ్లకి, ఒకరికి పన్నెండేళ్లకి అయిపోతోంది?

ఆటోనగర్_బయోమెడికల్

సగం మాటలో చెప్పాలంటే వోల్టేజి తగ్గించకపోవడం. కొత్తగా వేసినప్పుడు 3.5 వోల్టులు, 0.4 మిల్లీసెకన్లు పెట్టి పంపుతారు. లీడ్ కొస మానే దాకా త్రెషోల్డ్ పెరుగుతుంది కాబట్టి ఆ రక్షణ కావాలి. ఆరు నుంచి పన్నెండు వారాలకి రోగి వస్తే త్రెషోల్డ్ కొలిచి, దానికి రెట్టింపు దగ్గర స్థిరపెట్టాలి. త్రెషోల్డ్ 1 వోల్టు ఉంటే 2 వోల్టులు చాలు. పల్సుకయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది: 3.5 వర్గం 12.25, 2 వర్గం 4. మూడు రెట్ల తేడా! పైగా లిథియం–అయోడిన్ బ్యాటరీ ఇచ్చేది 2.8 వోల్టులే. దానికి మించి అడిగితే లోపల వోల్టేజి పెంచే సర్క్యూట్ పని చేయాలి, అక్కడా ఖర్చే. సర్క్యూట్ సొంత తిండి ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆయుష్షు మూడింతలు కాదు గానీ ఏళ్లలో తేడా పడుతుంది.

కుట్లు విప్పాక మళ్లీ చెకింగ్‌కి రాని రోగికి ఆ 3.5 అలాగే ఉండిపోతుంది. మార్పిళ్లు తొందరగా వస్తున్నాయంటే ఫాలో-అప్ తెగిందేమో చూడండి. మీ పట్టికలో మొదటి ఇంప్లాంట్ తేదీ, మార్పిడి తేదీ, మధ్యలో చెకింగ్‌లు ఎన్ని అన్న మూడు గడులుంటే ఇది తేలుతుంది.

ప్రోగ్రామర్ లేని ఊళ్లో బ్యాటరీ అంచనాకి అయస్కాంతం చాలు. పరికరం మీద పెట్టి ఈసీజీ తీస్తే: మెడ్‌ట్రానిక్ 85 కొడితే బాగున్నట్టు, 65కి దిగితే మార్చాల్సిన సమయం. బయోట్రానిక్ 90 నుంచి 80కి, బోస్టన్, అబాట్‌వి 100 నుంచి 85కి దిగుతాయి. ఏ కంపెనీదో కార్డు చూసుకున్నాకే అర్థం చెప్పాలి. కార్డు పోతే ఎక్స్‌రేలో డబ్బా మీది గుర్తు కనిపిస్తుంది.

సూర్యారావుపేట_ఈపీ

మార్పిళ్లు పెరిగితే ఇంకోటీ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్. కొత్తదానికన్నా పాత పాకెట్ తెరిచినప్పుడు ముప్పు ఎక్కువ. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) మీద ఉన్నవాళ్లకి మందు ఆపి హెపారిన్ ఇచ్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల పోలేదు. 2013లో బ్రూయిజ్ కంట్రోల్ ట్రయల్ తేల్చింది: హెపారిన్ వంతెన వేసినవాళ్లలో పాకెట్‌లో పెద్ద రక్తగడ్డ 16 శాతం, వార్ఫరిన్ ఆపకుండా చేసినవాళ్లలో 3.5. గడ్డ కట్టిందని సూది పెట్టి లాగొద్దు, బయటి క్రిమిని లోపలికి తోసినట్టే. చర్మం పలచబడి డబ్బా అంచు బయటికి తొంగిచూస్తే యాంటీబయాటిక్ ఇచ్చి కుట్టేయడం తప్పు. మొత్తం వ్యవస్థ, లీడ్లతో సహా, తీయాల్సిందే.

వైద్యమిత్ర_తెనాలి

పీజీ గారు ఇంటింటి సర్వే కూడా అనుకుంటున్నట్టుంటే ప్రశ్న జాగ్రత్తగా పెట్టండి. మన ఊళ్లలో "పేస్‌మేకర్" అనరు. "గుండెకి బ్యాటరీ పెట్టారు", "మిషన్ వేశారు" అంటారు. స్టెంట్ వేసుకున్నవాళ్లలోనూ కొందరు "గుండెకి మిషన్ వేశారు" అనే చెబుతారు, అది స్ప్రింగ్ అని మనమే అడిగి తెలుసుకోవాలి. "భుజం కింద చర్మంలో బిళ్ల ఉందా, చేతికి తగులుతుందా, కార్డు ఇచ్చారా?" అని అడిగితే తేలిపోతుంది.

చనిపోయినవాళ్ల సంగతి కూడా అడగాలి. దహనానికి ముందు పరికరం తీయించారా లేదా అన్నది. తీయకపోతే కట్టెల మీదైనా, విద్యుత్ దహనవాటికలోనైనా బ్యాటరీ పేలుతుంది. ఊళ్లో అది జనం మరిచిపోరు, కాబట్టి ఎన్నేళ్లయినా సమాధానం దొరుకుతుంది.

ఆటోనగర్_బయోమెడికల్

ఆ సర్వేలోనే పని మానేశారా అని ఓ ప్రశ్న వేయండి. వెల్డర్లకి "ఇక వెల్డింగ్ బంద్" అని చెప్పి పంపేస్తుంటారు. తయారీదారుల సూచనల్లో కరెంటు పరిమితి, ఆర్క్‌కి పరికరానికి మధ్య 60 సెంటీమీటర్ల దూరం, కేబుళ్లు మెలిపెట్టి దగ్గరగా ఉంచడం, ఎర్త్ క్లాంప్ పనిచేసే చోటికి దగ్గర్లో బిగించడం ఉంటాయి. పూర్తిగా పేస్‌మేకర్ మీద ఆధారపడ్డవాళ్లకి డాక్టర్ అనుమతి తప్పనిసరి. ఇండక్షన్ స్టవ్‌కి కూడా 60 సెంటీమీటర్లు, ఫోన్‌కి 15. ఫోన్ ఎడమ జేబులో పెట్టుకోకపోతే చాలు, ఇంట్లో ఫోనే వద్దనక్కర్లేదు.

పల్నాడు_పీజీ

చివరి సందేహం. ఒకే రోగికి సోమవారం డ్యూయల్ వేశారు, గురువారం పై గది లీడ్ జారింది, శుక్రవారం సర్దారు. ఆరేళ్ల తర్వాత ఎజెక్షన్ ఫ్రాక్షన్ పడిపోయి సీఆర్‌టీకి మార్చారు. ఇది ఒకటా, మూడా?

లెక్కల_మాస్టారు

మనిషి ఒకడు, పనులు మూడు. రెండు ఫైళ్లు పెట్టుకోండి. మొదటి ఫైలులో ఒక మనిషికి ఒకే వరస: మొదటి శాశ్వత పరికరం తేదీ, అప్పటి వయసు, మండలం, జబ్బు, లీడ్ల సంఖ్య. రేటు కట్టేది దీన్నుంచే. శుక్రవారం పని దీన్లోకి రాదు. రెండో ఫైలులో ప్రతి పనికీ ఒక వరస, రకం గడిలో కొత్త, మార్పిడి, సర్దుబాటు, స్థాయి పెంపు, తొలగింపు. రెండింటినీ కలిపేది జెనరేటర్ సీరియల్ నంబరు కాదు, అది మారిపోతుంది. పేరు, పుట్టిన సంవత్సరం, మండలం కలిపి మీరే ఒక నంబరు ఇవ్వండి. తర్వాత పేర్లు చెరిపేసి ఎథిక్స్ కమిటీకి చూపించండి.

కొత్తపేట_టెక్

పేరు దగ్గర జాగ్రత్తండీ. ఇంటిపేరు ఒక చోట ముందుంటుంది, ఒక చోట వెనక, ఒక చోట ఒక్క అక్షరమే. వేంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒకే మనిషి అయిన కేస్‌షీట్లు ఉంటాయి. లీడ్ సీరియల్ నంబరు పట్టుకోండి. మార్పిడిలో డబ్బా మారుతుంది గానీ లీడ్ చాలావరకు అదే ఉంటుంది, మార్పిడి కేస్‌షీట్‌లో పాత లీడ్ నంబరు రాసి ఉంటే ఇద్దరూ ఒకడేనని అక్కడే తేలుతుంది.

పల్నాడు_పీజీ

లీడ్ నంబరు గడి కలిపాను. రేపు 2011 మండలాల జాబితాతో మొదలెడతా.